కిట్ కారుకు అల్లాయ్ హబ్: అసలు సంగతంతా బోరులోనే

ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే టక్‌టక్‌మని కొట్టుకుంటుంది. నట్ కాస్త బిగిస్తే పోతుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ మొదలు. బేరింగ్ మార్చినా అదే వరస. చివరికి హబ్ (చక్రాన్ని మోస్తూ తిరిగే మధ్య భాగం) విప్పి బేరింగ్ బయటి కప్పును వేలితో నెడితే, సుత్తి దెబ్బకు తప్ప కదలకూడని కప్పు చేతిలోకి జారి వస్తుంది. అది తిరిగిన చోట బోరు (కప్పు కూర్చునే రంధ్రం) గోడ అద్దంలా మెరుస్తూ ఉంటుంది. నలభై ఏళ్లు దాటిన ఆ పోత ఇనుము హబ్‌కి ఇంక మందు లేదు, మార్చాల్సిందే.

బ్రిటన్‌లో కిట్ కార్లు నడిపేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఛాసిస్, బాడీ రేకులు ఒకచోట కొని, ఇంజను, గేర్‌బాక్సు, బ్రేకులు, స్టీరింగు ఏదో పాత కారు నుంచి ఊడదీసి ఇంటి షెడ్డులో కూర్చుకునేదే కిట్ కారు. 1957లో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్‌ని విడిభాగాలుగా అమ్మడంతో ఈ అలవాటుకు ఊపొచ్చింది. పూర్తయిన కారు మీద వేసే పర్చేజ్ ట్యాక్స్ విడిభాగాలకు ఉండేది కాదు మరి. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. అదే ఏడాది సెవెన్ హక్కులు కేటర్‌హామ్‌కి వెళ్లాయి. తర్వాత వచ్చిన వెస్ట్‌ఫీల్డ్‌లు, పైపులు కోసి వెల్డింగ్ చేసి ఇంట్లోనే కట్టుకునే లోకోస్ట్‌లు, ఇంకా చాలా కిట్లు ముందు చక్రాల సరంజామాకి ఫోర్డ్ కోర్టినా మార్క్ 4, మార్క్ 5 మీద ఆధారపడ్డాయి. కోర్టినా తయారీ 1982లోనే ఆగిపోయింది. పాత సామాన్ల యార్డులో దొరికే హబ్ కూడా అదే వయసుది, అంతే అరిగినది. అందుకే దిమ్మె అల్యూమినియం నుంచి లేత్ మీద తీసిన అల్లాయ్ హబ్‌లకు అక్కడ గిరాకీ.

మన దేశంలో ఇలా ఇంట్లో కట్టిన కారుకు రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. కానీ బాహా, ఫార్ములా భారత్ పోటీలకు బండ్లు కట్టే మన ఇంజినీరింగ్ కాలేజీ జట్లు హబ్‌లను తామే గీసి, లేత్ షాపులో చేయించుకుంటాయి. బోరు, స్టడ్ల (చక్రాన్ని పట్టి ఉంచే మర కడ్డీల) లెక్కలు వాళ్లకూ ఇవే.

హబ్ అంటే చక్రం మధ్యలో పెట్టే మూత కాదని ముందే అనుకుందాం. స్టబ్ యాక్సిల్ (తాను తిరగని చిన్న ఇరుసు) మీద రెండు టేపర్ బేరింగుల ఆధారంతో తిరుగుతూ, ఒక వైపు బ్రేకు డిస్కునీ ఇంకో వైపు చక్రాన్నీ మోసే భాగం అది.

బరువు తగ్గుతుందనే ఆశ ఎంతవరకు

అల్లాయ్ హబ్ అమ్మేవాళ్లు మొదట చెప్పేది బరువు. పోత ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.2 గ్రాములు, అల్యూమినియం మిశ్రమానిది 2.7 నుంచి 2.8. కాబట్టి మూడో వంతుకు కాస్త పైన తూగాలి. అలా తూగదు. అల్యూమినియం ఇనుము కన్నా ఎక్కువ వంగుతుంది (సాగుగుణకం దాదాపు 70 గిగాపాస్కల్, ఉక్కుది 205), అందుకని ఫ్లాంజ్‌నీ (చక్రం ఆనే పళ్లెం లాంటి భాగం) గొట్టాన్నీ మందంగా ఉంచాలి. బేరింగులు, స్టడ్లు, నట్లు ఎలాగూ ఉక్కువే. ఇవన్నీ పోను మిగిలే లాభం చెప్పినంత ఉండదు. వంటింటి కాటా మీద రెండూ పెట్టి చూస్తే తేలిపోతుంది.

తిరిగే బరువు తగ్గితే కారు ఎగిరి దూకుతుందనే మాట ఇంకా బలహీనం. హబ్ పదార్థమంతా చక్రం మధ్యలో, సగటున 60 మి.మీ. వ్యాసార్ధంలోనే ఉంటుంది. టైరు వ్యాసార్ధం 276 మి.మీ. అనుకుంటే (185/60 ఆర్13కి అంతే), ఒక కిలో తగ్గించినందుకు తిరుగుడు జడత్వంలో వచ్చే ఆదా టైరు అంచు దగ్గర 47 గ్రాములు తగ్గించినదానితో సమానం. 60ని 276తో భాగించి వర్గం చేస్తే వచ్చే లెక్క ఇది. స్ప్రింగు కింద వేలాడే బరువు ఒక కిలో తగ్గడం మాత్రం నిజమైన లాభమే. ఆరు వందల కిలోల కారులో గతుకుల రోడ్డు మీద ఆ తేడా కొంత తెలుస్తుంది. అంతకన్నా ఆశించకూడదు.

అల్లాయ్ హబ్ కొనడానికి గట్టి కారణాలు వేరే ఉన్నాయి. పాతది పాడైపోయింది, చక్రాల పీసీడీ (స్టడ్ల మధ్య బిందువుల మీదుగా గీసిన వృత్తం వ్యాసం) కుదరడం లేదు, పెద్ద డిస్కు వేయాలి. ఈ మూడింటిలో ఏదీ లేకుండా ఉన్న ఇనుము హబ్ గట్టిగా ఉంటే దాన్ని కదపకపోవడమే మేలు.

చక్రం కూర్చునే కొలతలు

ఫోర్డ్ పీసీడీ నాలుగు స్టడ్ల మీద 108 మి.మీ., అంటే నాలుగుంపావు అంగుళాలు. చక్రం మధ్య రంధ్రం 63.4. స్టడ్లు ఎం12 (12 మి.మీ. మందం), మర చుట్ల మధ్య దూరం 1.5 మి.మీ. ఇవి కంఠతా ఉన్నా మోసపోయే చోట్లు ఉన్నాయి. పాత ప్యుజో చక్రాలవీ 4×108లే, కానీ మధ్య రంధ్రం 65.1. పాత ఆడీలది 57.1. మాజ్డా ఎంఎక్స్-5 మొదటి రెండు తరాలవి 4×100, మధ్య రంధ్రం 54.1. పాత మినీ 4×101.6. ఈ మినీ చక్రాన్ని 4×100 హబ్ మీద చేత్తో నెడితే ఎక్కినట్టే ఉంటుంది, నట్లు కూడా బిగుస్తాయి. కానీ ఒక్కో స్టడ్ 0.8 మి.మీ. పక్కకు వంగి బిగుస్తుంది. కొన్నాళ్లకు ఆ స్టడ్ మెడ దగ్గర విరగవచ్చు.

పీసీడీ కొలవడానికి మధ్య బిందువులు వెతుక్కోనక్కర్లేదు. ఎదురెదురు స్టడ్లలో ఒకదాని లోపలి అంచు నుంచి రెండోదాని బయటి అంచు వరకు వెర్నియర్ పెడితే చాలు. పక్కపక్క స్టడ్లకైతే 108 పీసీడీలో 76.4, 100లో 70.7 రావాలి.

మధ్య స్పిగాట్ (చక్రం మధ్య రంధ్రంలోకి దూరే హబ్ అంచు) గురించి వాదనలు చాలా ఉన్నాయి. కోన్ (శంకువు ఆకారపు) నట్లున్న చక్రాన్ని నట్లే మధ్యలోకి తెస్తాయి, స్పిగాట్ లేకపోయినా నడుస్తుంది. అయినా 63.4కి అర పిసరు తక్కువగా స్పిగాట్ ఉన్న హబ్ దొరికితే అదే తీసుకోవాలి. చక్రం ఎక్కించేటప్పుడు దాని బరువు మరల మీద పడదు, నట్లు బిగించేటప్పుడు పక్కకు జరగదు. బేరింగు మట్టి మూత వ్యాసం కూడా చూడాలి. కొన్ని అల్లాయ్ హబ్‌లకు మరతో ఎక్కే పెద్ద మూత ఉంటుంది. అది చక్రం మధ్య రంధ్రంలో పట్టక, హబ్ అంతా బిగించాక మళ్లీ విప్పుకునే అవస్థ వస్తుంది.

ఏ మిశ్రమం

ఎక్కువగా కనబడేవి మూడు. 6082-టీ6ను (టీ6 అంటే వేడితో గట్టిపరచిన ఒక పద్ధతి) మన లేత్ షాపుల్లో ఇప్పటికీ హెచ్ఈ30 అంటారు. దిగుబడి బలం (లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) 250–260 మెగాపాస్కల్. 2014ఏ-టీ6, అంటే పాత పేరు హెచ్ఈ15, 400కి దగ్గర్లో. 7075-టీ6 ఏకంగా 480–500. కాగితం మీద చూస్తే ఎంచుకోవడానికి ఏముంది, బలమైనదే తీసుకోవాలి అనిపిస్తుంది. అక్కడే ఆగి చూడాలి.

2014లో నాలుగు శాతానికి పైగా రాగి ఉంటుంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే దేశంలో రాగి ఎక్కువున్న అల్యూమినియం పొక్కులు పొక్కులుగా తినేసుకుపోతుంది. 7075-టీ6కి ఇంకో జబ్బు. నిరంతరం లాగుడు ఒత్తిడిలో ఉంటూ తేమ, ఉప్పు తగిలితే పైకి ఏమీ కనబడకుండా లోపల పగుళ్లు పాకుతాయి. బిగుతుగా దిగిన బేరింగు కప్పు హబ్ గోడను ఎప్పుడూ సాగదీస్తూనే ఉంటుంది కనుక ఆ లాగుడు ఒత్తిడి హబ్‌లో శాశ్వతంగా ఉన్నట్టే. అదే 7075ని టీ73 పద్ధతిలో పదును పెడితే బలం పది పదిహేను శాతం తగ్గి, ఈ జబ్బు చాలావరకు పోతుంది. వేడి సంగతి ఇంకోటి. 7075-టీ6ని సుమారు 120 డిగ్రీల దగ్గర పండిస్తారు (ఆ వేడిలో ఉంచి గట్టిపరుస్తారు). బ్రేకుల వేడికి హబ్ ఆ దరిదాపులకు మళ్లీ మళ్లీ వెళితే మెత్తబడుతుంది. 6082ని పండించేది 170–180 దగ్గర, అందుకే వేడికి కాస్త ఓర్చుకుంటుంది.

రోడ్డు మీద తిరిగే తేలికపాటి కారుకు దళసరిగా తీసిన 6082 హబ్ చాలు. బలం తక్కువైనచోట మందంతో సరిపెట్టవచ్చు. ట్రాక్ మీదే బతికే కారుకు, ఏడాదికొకసారి విప్పి చూసే ఓపిక ఉంటే 7075-టీ73. ఏ మిశ్రమమో చెప్పకుండా "ఏరోస్పేస్ గ్రేడ్" అని మాత్రమే రాసి అమ్మే హబ్ జోలికి పోకూడదు. ఆ మాటకు కొలత లేదు.

అల్యూమినియంకి అలసట హద్దు ఉండదనేది ఇంకా ముఖ్యం. ఉక్కు ఒక స్థాయి కన్నా తక్కువ ఒత్తిడిలో ఎన్ని కోట్ల సార్లు వంగినా విరగదు. అల్యూమినియం ఎంత తక్కువ ఒత్తిడిలోనైనా ఎప్పుడో ఒకప్పుడు అలుస్తుంది. ముందు చెప్పిన 185/60 టైరు చుట్టుకొలత 1.73 మీటర్లు. పది వేల కిలోమీటర్లకు హబ్ 57 లక్షల పైచిలుకు సార్లు తిరుగుతుంది, మలుపులో ప్రతి తిరుగుడుకీ ఫ్లాంజ్ ఒకసారి అటూ ఒకసారి ఇటూ వంగుతుంది. పగులు పుట్టేది దాదాపు ఎప్పుడూ ఒక్కచోటే, ఫ్లాంజ్ గొట్టంతో కలిసే మూలలో. అక్కడ కనీసం 3 మి.మీ. గుండ్రం ఉండాలి. గోరు ఆనేంత పదునైన మూల, లేత్ పనిముట్టు గీతలు కనబడితే ఆ హబ్ ఎంత మెరిసినా వెనక్కి ఇచ్చేయాలి.

బోరు

ఇనుము హబ్ కొలతలనే అల్యూమినియంలో దించేసి అమ్మే హబ్‌లు ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు అన్నీ సరిగ్గానే ఉంటాయి, కప్పు గట్టిగానే దిగుతుంది. తేడా వేడెక్కాక తెలుస్తుంది.

అల్యూమినియం ప్రతి డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది, బేరింగు ఉక్కు 12. ఉదాహరణకు ఎల్ఎం67048/ఎల్ఎం67010 అనే బేరింగు తీసుకుంటే దాని కప్పు బయటి వ్యాసం 59.13 మి.మీ. బ్రేకుల వేడికి హబ్ 20 డిగ్రీల నుంచి 100కి చేరిందనుకుంటే, 80 డిగ్రీల తేడాలో బోరు కప్పు కన్నా 0.052 మి.మీ. ఎక్కువ విప్పారుతుంది. ఇనుము హబ్‌లో లాగా 0.03, 0.04 బిగుతుతో (బోరు కప్పు కన్నా అన్ని మి.మీ. చిన్నదిగా ఉండేలా) కప్పు వేసి ఉంటే పట్టు మొత్తం పోయినట్టే. కప్పు బోరులో నెమ్మదిగా పాకడం మొదలుపెడుతుంది. మెత్తని అల్యూమినియంని ఆ గట్టి ఉక్కు అరగదీస్తుంది. మొదటి పేరాలో చెప్పిన ఇనుము హబ్‌కి నలభై ఏళ్లు పట్టిన గతి దీనికి రెండు వేసవుల్లో పడుతుంది.

బేరింగు తయారీదారులు అల్యూమినియం హబ్‌లకు చెప్పే మోటు లెక్క సులభంగా గుర్తుంటుంది: కప్పు వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లుంటే కనీసం అన్ని మైక్రాన్ల బిగుతు. 59.13కి 0.059 కనీసం. అంటే బోరు 59.07కి మించకూడదు, 59.05–59.07 మధ్య ఉంటే హాయి. చిన్న బేరింగు ఎల్ఎం11949/ఎల్ఎం11910 అయితే కప్పు 45.24, బోరు 45.19కి మించకూడదు. ఇవి అంగుళాల బేరింగులనీ, డ్రాయింగులో 45 అనో 59 అనో గుండ్రంగా రాస్తే పని చెడుతుందనీ లేత్ మనిషికి విడిగా చెప్పాలి. ఇంకా మంచిది, ఆ బేరింగు కప్పుల్నే చేతికిచ్చి వాటిని కొలిచి బోరు తీయమనడం. తమ స్టబ్ యాక్సిల్‌కి ఏ బేరింగో కప్పు అంచున చెక్కిన నంబరే చెబుతుంది.

బోరును వెర్నియర్‌తో కొలవకూడదు. దాని నమ్మకమే 0.02–0.03. బోర్ గేజ్, దాన్ని సెట్ చేసే రింగు లేదా మైక్రోమీటర్ కావాలి. హబ్, కప్పు రెండూ ఒకే గదిలో రాత్రంతా ఉంచి పొద్దున కొలవాలి. ఎండలో పెట్టిన హబ్, నీడలోని కప్పు మధ్య పది డిగ్రీల తేడా ఉంటే, 59 మి.మీ. బోరు దాదాపు 0.014 పెద్దదిగా కనబడుతుంది. బోరు రెండు చివర్లా, రెండు అడ్డదిశల్లో కొలిస్తే కోలగా ఉందా, వాలుగా ఉందా కూడా తెలుస్తుంది.

హార్డ్ యానోడైజింగ్ (కరెంటుతో పైన గట్టి ఆక్సైడ్ పొర పెంచడం) చేసిన హబ్‌లో ఇంకో మెలిక. ఆ పొరలో సగం లోపలికి, సగం బయటికి పెరుగుతుంది. 50 మైక్రాన్ల పొర అయితే బోరు వ్యాసం 50 మైక్రాన్లు కుంచించుకుపోతుంది. బేరింగు బోరును మూసి మిగతాదానికే పొర వేయించాలి. పొర గట్టిది, పెళుసుది కాబట్టి అలసట బలాన్ని కొంత తగ్గిస్తుంది కూడా. అందం కోసం వేసే పలచని రంగు యానోడైజింగ్‌తో ఆ బాధ తక్కువ.

కప్పు వెనక ఆనే భుజంలో ఎదురెదురుగా రెండు గాడులు ఉన్నాయా అని కూడా చూసుకోవాలి. కొనేవాళ్లు పెద్దగా పట్టించుకోరు గానీ, అయిదేళ్ల తర్వాత కప్పు బయటికి కొట్టాలంటే ఉలి ఆనేది ఆ గాడుల్లోనే. అవి లేకపోతే కప్పు అంచుకి ఏదీ ఆనక, సుత్తి జారి బోరు గీరుకుపోతుంది.

స్టడ్లు

అల్లాయ్ చక్రం ఎం12 నట్‌ని 90 న్యూటన్ మీటర్లకు బిగిస్తే స్టడ్‌లో పుట్టే లాగుడు సుమారు 37,500 న్యూటన్లు. ఒక్కో స్టడ్‌కి మూడు ముప్పావు టన్నుల పైన. ఈ బరువంతా హబ్ వెనక స్టడ్ తల ఆనే చిన్న చుట్టు మీద పడుతుంది. తల 18 మి.మీ., రంధ్రం 13 అనుకుంటే ఆ చుట్టు వైశాల్యం 122 చదరపు మిల్లీమీటర్లు. ఒత్తిడి 308 మెగాపాస్కల్. 6082 దిగుబడి బలం 260 అని పైన చూశాం. అంటే తల అల్యూమినియంలోకి దిగబడుతుంది. దిగబడినకొద్దీ బిగుతు పోతుంది, బిగించినకొద్దీ ఇంకా దిగబడుతుంది. కొత్త అల్లాయ్ హబ్ వేశాక నట్లు మాటిమాటికీ వదులవుతున్నాయంటే మొదట అనుమానించాల్సింది ఇదే. తల 22 మి.మీ. ఉన్న స్టడ్ వేస్తే వైశాల్యం రెట్టింపవుతుంది, ఒత్తిడి 150కి దిగుతుంది. లేదా నాలుగు స్టడ్లనూ కలిపి వెనక ఒకే ఉక్కు రింగు పెట్టవచ్చు.

గళ్లు చెక్కిన మెడతో ప్రెస్ చేసే స్టడ్లు ఉక్కు కోసం పుట్టినవి. అల్యూమినియంలో మొదటిసారి బాగానే పట్టుకుంటాయి. రెండోసారి మార్చేసరికి గళ్లు కోసేసిన రంధ్రంలో స్టడ్ వట్టిగా తిరుగుతుంది. మరతో ఎక్కే స్టడ్ అయితే అల్యూమినియంలో మర లోతు వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు, అంటే 18–24 మి.మీ. కావాలి. ఫ్లాంజ్ 12 మి.మీ. మందమే ఉన్న హబ్‌కి ఇది కుదరదు. నేరుగా అల్యూమినియం మరల్లోకి చక్రం బోల్టులు బిగించే పద్ధతి మాత్రం వద్దు. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ మర కొంచెం కొంచెం పోతుంది. తప్పనిసరైతే ఉక్కు మర బుష్షులు వేయించాలి.

పొడవు కూడా చూసుకోవాలి. డిస్కు బెల్ మందం, అల్లాయ్ చక్రం మందం దాటి వచ్చాక నట్‌కి కనీసం 12 మి.మీ. మర దొరకాలి. చేత్తో నట్ తిప్పుతూ ఎనిమిది చుట్లు లెక్కపెడితే సరి.

డిస్కు, ఆఫ్‌సెట్, వెనక చక్రాలు

కోర్టినా డిస్కు హబ్ వెనక నాలుగు బోల్టులతో బిగుస్తుంది. తర్వాతి తరం ఫోర్డ్‌లలో చాలావాటికి డిస్కు ముందు నుంచి స్టడ్ల మీద తొడుగుతారు. అల్లాయ్ హబ్‌లు రెండు రకాలుగానూ వస్తాయి, అమ్మేవాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. రెండో ప్రశ్న: లోపలి బేరింగు భుజం నుంచి డిస్కు ముఖానికీ, చక్రం ముఖానికీ ఎంత దూరం? ఈ రెండు అంకెలు చెప్పలేని అమ్మకందారు దగ్గర డ్రాయింగు లేదన్నమాట. డిస్కు కాలిపర్ మధ్యలో పడకపోతే ప్యాడ్లు ఒకవైపే అరుగుతాయి.

చక్రం ముఖం 5 మి.మీ. బయటికి జరిగితే ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) మొత్తం 10 పెరుగుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది, గతుకుల్లో లాగుతుంది, బయటి బేరింగుకి భారం పెరుగుతుంది, టైరు మడ్‌గార్డు బయటికి తొంగి చూస్తుంది. బ్రిటన్‌లో కొత్తగా కట్టిన కిట్ కారు రిజిస్ట్రేషన్‌కి ముందు ఐవీఏ పరీక్ష దాటాలి (2009కి ముందు ఎస్‌వీఏ ఉండేది). అక్కడ చక్రం పైన మడ్‌గార్డు కప్పుతోందా అని చూస్తారు.

వెనక చక్రాల దగ్గర తొందర వద్దు. ఫోర్డ్ ఎస్కార్ట్ మాదిరి సాలిడ్ యాక్సిల్ అయితే హాఫ్ షాఫ్టూ ఫ్లాంజూ ఒకే ముక్క, విడిగా హబ్ ఉండదు. ఫోర్డ్ సియెర్రా మాదిరి ఇండిపెండెంట్ సస్పెన్షన్ అయితే స్ప్లైన్ల ద్వారా ఇంజను లాగుడు హబ్‌లోకి వస్తుంది. ఆ స్ప్లైన్లు అల్యూమినియంలో కోస్తే ముందుకీ వెనక్కీ పడే దెబ్బలకు పళ్లు అరిగి ఖాళీ వస్తుంది. వెనక హబ్ ఉక్కుదే ఉంచి, బేరింగు మోసే అప్‌రైట్‌ని అల్లాయ్‌ది వేసుకోవడం మంచిది.

ఎక్కించడం

ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా కాల్చి ఎక్కించి నీళ్లు పోసే పని చూసినవాళ్లకు ఇది తెలిసిన విద్యే. కప్పుల్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇంటి ఫ్రిజ్‌లో మంచు గదిలో రాత్రంతా ఉంచాలి, మైనస్ 18 డిగ్రీల చలి వస్తుంది. హబ్‌ని మర్నాడు ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర అరగంట. గ్యాస్ మంట పెట్టకూడదు. ఒకచోట కాలి పదును పోతుంది. బోరు 0.116 మి.మీ. విప్పారుతుంది, కప్పు 0.027 కుంచించుకుంటుంది. 0.07 బిగుతున్నా కప్పు సొంత బరువుతో జారి కూర్చోవడానికి ఇది సరిపోతుంది. అయితే క్షణాల్లో వేడి కప్పులోకి పాకి పట్టేస్తుంది, అందుకని వంకరగా పెట్టి సర్దుదామంటే కుదరదు. చల్లారాక పాత కప్పుని అరగదీసి చేసుకున్న ఉక్కు ముక్క ఆనించి రెండు దెబ్బలు వేసి, కప్పుకీ భుజానికీ మధ్య 0.05 ఫీలర్ దూరకుండా ఉందో లేదో చుట్టూ చూడాలి. దూరితే కప్పు పూర్తిగా కూర్చోలేదు. తర్వాత కూర్చుంటుంది, అప్పుడు బేరింగు వదులవుతుంది.

కోన్లలో (బేరింగుల రోలర్లున్న లోపలి భాగాల్లో) లిథియం కాంప్లెక్స్ గ్రీజు రోలర్ల మధ్యకి వేళ్లతో నూరి నింపాలి. హబ్ లోపలి ఖాళీలో మూడో వంతు చాలు. నిండా కూరితే వేడెక్కి సీల్ దాటి డిస్కు మీదికి వస్తుంది.

నట్ బిగింపు: చక్రం తిప్పుతూ 25–30 న్యూటన్ మీటర్లకు బిగించి రోలర్లు సర్దుకోనివ్వాలి, వదిలేసి మళ్లీ చేతి బిగువుకు తెచ్చి, దగ్గర్లో ఉన్న గాడిలో పిన్ను వేయాలి. డయల్ గేజ్ పెడితే లాగుడు ప్లే (హబ్ లోపలికీ బయటికీ కదిలే ఖాళీ) 0.03–0.08 మి.మీ. మధ్య రావాలి. అల్యూమినియం హబ్‌లో రెండు శక్తులు ఎదురుబొదురుగా పనిచేస్తాయి. వేడికి హబ్ పొడుగై రెండు కప్పుల్నీ కోన్ల మీదికి నెడుతుంది, ప్లే తగ్గుతుంది. బోరు విప్పారి కప్పుల్ని వదులు చేస్తుంది, ప్లే పెరుగుతుంది. మామూలుగా రెండోదే గెలుస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు ప్లే తక్కువ వైపే పెట్టి, ఇరవై ముప్ఫై కిలోమీటర్లు బ్రేకులు బాగా వాడుతూ తిప్పి, వేడి మీదే మళ్లీ చక్రం ఊపి చూడాలి. చల్లగా కొలిచినదాన్ని నమ్మి ఊరుకుంటే సగమే చూసినట్టు.

డిస్కు బిగించాక అంచు దగ్గర ఊగుడు 0.1 మి.మీ. దాటకూడదు. దాటితే డిస్కుని ఒక రంధ్రం తిప్పి పెట్టి చూడాలి. ఎక్కువున్న చోటు డిస్కుతో పాటు జరిగితే తప్పు డిస్కుది, హబ్ మీద అక్కడే ఉంటే హబ్‌ది. హబ్, చక్రం ఆనే ముఖాల మీద పెయింటు, పౌడర్ కోటింగు ఉండకూడదు; నలిగి బిగుతు పోతుంది. స్పిగాట్ చుట్టూ పలచగా యాంటీ సీజ్ (అతుక్కోకుండా రాసే ముద్ద) రాస్తే ఉప్పునీటికి చక్రం అతుక్కుపోదు. స్టడ్ మరలకు మాత్రం అది తగలనివ్వకూడదు, అదే టార్క్‌కి లాగుడు చాలా ఎక్కువైపోతుంది.

సెకండ్‌హ్యాండ్ అల్లాయ్ హబ్ కొనేటట్టయితే పగుళ్ల పరీక్ష తప్పనిసరి. అయస్కాంత పొడి పరీక్ష ఇనుముకే పనికొస్తుంది. అల్యూమినియంకి డై పెనెట్రెంట్ వాడాలి: శుభ్రం చేసి ఎర్ర రంగు కొట్టి, పావుగంట ఆగి తుడిచి, తెల్ల డెవలపర్ చల్లితే పగులున్న చోట ఎర్ర గీత లేస్తుంది. యానోడైజింగ్ పొర తనే సన్నని గీతలుగా చిట్లి మోసం చేస్తుంది కనుక ఫ్లాంజ్ మూలలో ఆ పొర తీసేసి చూడాలి.

హబ్ వేసిన తేదీ, అప్పటి కిలోమీటర్ల అంకె ఫ్లాంజ్ వెనక మార్కర్ పెన్నుతో రాసి పెట్టుకుంటే, ఎప్పుడు విప్పి చూడాలో వెతుక్కోనక్కర్లేదు. స్టాంపుతో గుద్దకూడదు, ఆ గుంట నుంచే పగులు మొదలవుతుంది. మొదటి 80 కిలోమీటర్లకు నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడాలి. మూడోసారి కూడా నట్ పావు చుట్టు కదిలిందంటే చక్రం తీసి, హబ్ వెనక స్టడ్ తలల చుట్టూ గుంట పడిందేమో చూడాలి.